లయన్స్ మేన్ మాత్ర: మతిమరుపుకు మందా, ఖరీదైన కూరా?

పరీక్షల కాలం రాగానే సరస్వతీ లేహ్యం సీసా కిందికి దించే ఇళ్లు తెలుగునాట ఇప్పటికీ ఉన్నాయి. ఉదయాన్నే ఒక చెంచా లేహ్యం, పాలతో ఒక బ్రాహ్మీ మాత్ర. మార్కులు బాగా వస్తే ఘనతలో సగం లేహ్యానిది, రాకపోతే తప్పు మొత్తం పిల్లవాడిది. ఆ అలమారలోకి కొన్నేళ్లుగా మరో సీసా వచ్చి చేరుతోంది. అమెరికా నుంచి సెలవులకు వచ్చే పిల్లలు అమ్మానాన్నల కోసం తెచ్చే విటమిన్ మాత్రల మధ్య, ఆన్‌లైన్ దుకాణాల్లో, మష్రూమ్ కాఫీ పొట్లాల మీద కనిపించే ఆ సరుకు పేరు లయన్స్ మేన్. సింహపు జూలు అని అర్థం, అదొక పుట్టగొడుగు. జ్ఞాపకశక్తి పెరుగుతుందని, ఏకాగ్రత కుదురుతుందని, మెదడులో నరాలు కొత్తగా చిగురిస్తాయని సీసాల మీద రాతలు.

ఈ మూడు మాటల్లో చివరిదానికి ప్రయోగశాలలో గట్టి మూలమే ఉంది. మొదటిదానికి మనుషుల్లోనూ కొంత ఆధారం ఉంది, అయితే అది ఒక వయసు దాటినవారిలో, అప్పటికే మతిమరుపు మొదలైనవారిలో కనిపించింది. మధ్యలోదానికి, అంటే పరీక్షకో ఉద్యోగానికో కూర్చున్న ఆరోగ్యవంతుడైన యువకుడి ఏకాగ్రతకు, దొరికిన ఆధారం బాగా పలచన. ప్రకటనలు మాత్రం ఎక్కువగా ఆ మధ్య మాట చుట్టూనే తిరుగుతాయి.

ఇలాంటివాటిని ఫంక్షనల్ మష్రూమ్ అంటున్నారు. ఫంక్షన్ అంటే పెళ్లి భోజనం గుర్తొచ్చే మనకు ఆ పేరు కాస్త తికమకే. కడుపు నింపడమే కాకుండా ఒంట్లో ఫలానా పనికి అదనంగా తోడ్పడే ఆహారం అన్న భావన 1980లలో జపాన్‌లో రూపుదిద్దుకుంది. 1991లో అక్కడి ప్రభుత్వం అలాంటి ఆహారాలకు ప్రత్యేక అనుమతి పద్ధతి కూడా పెట్టింది. లయన్స్ మేన్ మెదడు కథ మొదలైంది కూడా సరిగ్గా ఆ దేశంలో, ఆ ఏడాదిలోనే.

పుట్టా లేదు, గొడుగూ లేదు

పుట్టగొడుగు అన్న మాటలోనే ఒక దృశ్యం ఉంది. వానలు పడగానే చెదపుట్ట మీద విచ్చుకునే తెల్లటి గొడుగు అది. లయన్స్ మేన్‌కు పుట్టతో పని లేదు, గొడుగు ఆకారమూ లేదు. ఓక్, బీచ్, వాల్‌నట్ వంటి చెట్ల గాయాల మీద, చచ్చిన మానుల మీద తెల్లని నూలు కుచ్చులా వేలాడుతుంది. దాని నిండా కిందికి జారే మెత్తటి ముళ్లు. చైనా వాళ్లకు అది కోతి తలలా కనిపించింది, అదే పేరు పెట్టారు. జపాన్ వాళ్లకు కొండల్లో సాధన చేసే యమబుషి సాధువుల వస్త్రం మీది కుచ్చులు గుర్తొచ్చాయి, యమబుషితాకే అన్నారు. శాస్త్రనామం హెరీషియం ఎరినేసియస్. ఉత్తర అమెరికా, ఐరోపా, తూర్పు ఆసియా అడవులు దీని నెలవు. బ్రిటన్‌లో ఇది ఎంత అరుదంటే, 1981 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అడవిలో దీన్ని కోయడం నేరం. అంగట్లోకి వచ్చేది దాదాపుగా రంపపు పొట్టు, తౌడు కలిపి కట్టిన సంచుల్లో పెంచిన పంటే. వండితే పీత మాంసంలా ఉంటుందని తిన్నవారు చెబుతారు.

"వేల ఏళ్లుగా మేధస్సుకు వాడుతున్న మూలిక" అని కొన్ని సీసాల మీద ఉంటుంది. చైనా సంప్రదాయంలో దీనికి ఉన్న పేరు ప్రధానంగా కడుపు మందుగా. అజీర్ణానికి, కడుపులో మంటకు, పుండ్లకు అక్కడ ఈ పుట్టగొడుగుతో చేసిన మాత్రలు ఇప్పటికీ అమ్ముతారు. మెదడుతో దీనికి చుట్టరికం కలిసి నాలుగు దశాబ్దాలు కూడా కాలేదు.

పడకగదిలో మొదలైన ప్రోటీను

ఆ చుట్టరికం కలిపినవాడు జపాన్‌లోని షిజువోకా విశ్వవిద్యాలయానికి చెందిన రసాయన శాస్త్రవేత్త హిరోకజు కవాగిషి. ఆయన బృందం 1991లో ఈ పుట్టగొడుగు నుంచి హెరిసెనోన్లు అనే పదార్థాలను, 1994లో ఎరినాసీన్లు అనే మరో రకం పదార్థాలను వేరుచేసి చూపింది. వీటిని ఎలుక మెదడు నుంచి తీసి పెంచిన కణాలకు తగిలిస్తే, ఆ కణాలు నర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్ అనే ప్రోటీనును ఎక్కువగా తయారుచేశాయి. పొడి అక్షరాల్లో ఎన్‌జీఎఫ్.

ఈ ప్రోటీనుకు సొంతంగా ఒక చరిత్ర ఉంది. ముస్సోలినీ కాలపు జాతి చట్టాల వల్ల ఉద్యోగం పోయిన యూదు వైద్యురాలు రీటా లెవీ మాంటల్చీని, ఇటలీలోని టూరిన్‌లో తన పడకగదినే ప్రయోగశాలగా మార్చుకుని కోడి పిండాల నరాలను పరిశీలించింది. యుద్ధం ముగిశాక అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఆ పని కొనసాగించి, నరాలను పెరిగేలా చేసే ఒక పదార్థం ఉందని 1950లలో తేల్చింది. స్టాన్లీ కోహెన్ దాన్ని శుద్ధి చేశాడు. ఇద్దరికీ కలిపి 1986లో నోబెల్ వచ్చింది. జ్ఞాపకానికి కీలకమైన ఒక తెగ నరకణాలు ఈ ప్రోటీను అండతోనే బతుకుతాయి. అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బులో ముందుగా దెబ్బతినే కణాల్లో అవీ ఉన్నాయి.

అలాంటప్పుడు ఎన్‌జీఎఫ్‌నే మందుగా ఇవ్వవచ్చు కదా అంటే, కుదరదు. ప్రోటీను అణువు పెద్దది. రక్తంలో ఉన్నదాన్ని మెదడులోకి వడపోసి పంపే గోడ దాన్ని రానివ్వదు. మింగితే అన్నంలో పప్పులాగే కడుపులో అరిగిపోతుంది. కవాగిషి పరిశోధనకు విలువ వచ్చింది ఇక్కడే. పెద్ద ప్రోటీనును బయటినుంచి పంపే బదులు, గోడ దాటగల చిన్న అణువును పంపి మెదడు చేతనే ఆ ప్రోటీను తయారుచేయించవచ్చన్న ఆశ అది. ఎరినాసీన్-ఏ అనే పదార్థాన్ని నోటి ద్వారా ఇచ్చినప్పుడు ఎలుకల మెదడులోని కొన్ని భాగాల్లో ఎన్‌జీఎఫ్ పెరిగింది కూడా.

ఇంతవరకు కథ బాగుంది. అమ్మకందారులు కూడా ఇంతవరకే చెప్పి ఆపుతారు. 2008లో జపాన్ పరిశోధకులే మనిషి మెదడు కణితి నుంచి పెంచిన కణాల మీద ఇదే ప్రయోగం చేశారు. పుట్టగొడుగు మొత్తం నుంచి తీసిన సారం ఎన్‌జీఎఫ్‌ను పెంచింది. కానీ అంత పేరున్న హెరిసెనోన్లను విడిగా ఇస్తే పెరగలేదు. అంటే పని జరుగుతున్నా, ఆ పని చేస్తున్నది అందరూ అనుకుంటున్నవారు కాకపోవచ్చు. 2023లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వారు ఇదే పుట్టగొడుగు నుంచి వేరే అణువులు తీసి, అవి నరకణాల కొమ్మలను పొడవుగా పెంచుతున్నాయని, ఎలుకల జ్ఞాపకం మెరుగుపడిందని చూపారు. వారు సూచించిన దారి ఎన్‌జీఎఫ్‌ది కాదు, బీడీఎన్‌ఎఫ్ అనే దాని దాయాది ప్రోటీనుకు దగ్గరి దారి. శాస్త్రంలో ఇది తప్పేమీ కాదు, దారులు ఇలాగే తేలుతూ వస్తాయి. కాకపోతే సీసా మీద "ఎన్‌జీఎఫ్‌ను పెంచుతుంది" అని అంత నిబ్బరంగా అచ్చువేయడానికి తగినంత తేలలేదు.

జపాన్‌లో ముప్పై మంది

మనుషుల మీద జరిగిన పరీక్షల్లో అందరూ ఎత్తి చూపేది 2009లో వెలువడిన జపాన్ అధ్యయనం. 50 నుంచి 80 ఏళ్ల మధ్య వయసున్న 30 మంది, అందరికీ స్వల్పంగా జ్ఞాపక క్షీణత ఉంది. సగం మందికి లయన్స్ మేన్ పొడి మాత్రలు, సగం మందికి అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్రలు. 250 మిల్లీగ్రాముల మాత్రలు పూటకు 4 చొప్పున రోజుకు మూడు పూటలు, అంటే రోజుకు దాదాపు 3 గ్రాములు. ఇలా 16 వారాలు. ఎవరికి ఏది ఇస్తున్నారో ఇచ్చేవారికీ తీసుకునేవారికీ తెలియదు.

కొలిచిన పద్ధతి గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే ఫలితమంతా దాని మీదే నిలబడి ఉంది. హసెగావా స్కేలు అనేది 30 మార్కుల పరీక్ష. మీ వయసెంత, ఈ రోజు ఏ తేదీ, ఇప్పుడు మనం ఎక్కడ ఉన్నాం అని అడుగుతారు. చెర్రీ పువ్వు, పిల్లి, రైలు వంటి మూడు మాటలు చెప్పి కాసేపయ్యాక గుర్తుందా అంటారు. వందలోంచి ఏడు తీసేయమంటారు, అంకెలను వెనక నుంచి చెప్పమంటారు, తెలిసిన కూరగాయల పేర్లన్నీ చెప్పమంటారు. 20 గానీ అంతకు తక్కువ గానీ వస్తే డిమెన్షియా, అంటే రోజువారీ బతుకును దెబ్బతీసే మతి క్షీణత, ఉందేమోనని అనుమానం. 1974లో దీని మొదటి రూపాన్ని తయారుచేసిన మానసిక వైద్యుడు కజువో హసెగావా, తనకే డిమెన్షియా వచ్చిందని 2017లో బహిరంగంగా చెప్పాడు. 2021లో కన్నుమూసేవరకూ ఆ అనుభవాన్ని దాచకుండా మాట్లాడాడు.

ఆ పరీక్షలో 8, 12, 16 వారాల దగ్గర పుట్టగొడుగు మాత్రలు తిన్నవారి మార్కులు ఉత్తుత్తి మాత్రలవారి కంటే స్పష్టంగా ఎక్కువ ఉన్నాయి. ఇక్కడివరకు ప్రకటనల్లో వస్తుంది. మాత్రలు ఆపేసి మరో నాలుగు వారాలయ్యాక మళ్లీ కొలిచారు. మార్కులు పడిపోయాయి.

ఈ అధ్యయనంలో అన్నిటికన్నా ఆలోచించవలసిన అంకె ఆ చివరిది. నరాలు నిజంగా కొత్తగా చిగురించి, కొత్త అతుకులు వేసుకుని ఉంటే నెల రోజుల్లో ఆ మేలు ఎందుకు జారిపోవాలి? చిగురించిన కొమ్మ నీళ్లు ఆపగానే వాడుతుంది అని ఒకరు వాదించవచ్చు. మేలు జరిగింది తాత్కాలికమైన ఉత్తేజం వల్లే తప్ప మరమ్మతు వల్ల కాదని మరొకరు అనవచ్చు. ఏది నిజమైనా కొనేవాడికి అర్థమయ్యేది ఒకటే. పనిచేసినా సరే, ఇది పాలప్యాకెట్ల ఖాతా లాంటిది, నెలనెలా కట్టాల్సిందే.

ముప్పై మంది అంటే చిన్న గుంపు. పరిశోధకులు పనిచేసింది నాగానోలోని హొకుటో అనే పుట్టగొడుగుల కంపెనీలో. అంతమాత్రాన ఫలితం అబద్ధమని అనడం అన్యాయం, కానీ అమ్మేవాడే తూచిన తూకాన్ని మరొకరు తూచి చూడాలని కోరుకోవడం అన్యాయం కాదు. అలా తూచినవి కొన్ని ఉన్నాయి. 2019లో జపాన్‌లోనే 50 దాటిన, ఆరోగ్యంగా ఉన్న 31 మందికి రోజుకు 3.2 గ్రాములు 12 వారాలు ఇచ్చారు. పెట్టిన మూడు పరీక్షల్లో ఒకదాంట్లో మెరుగుదల కనిపించింది, మిగతా రెండింట్లో లేదు. తైవాన్‌లో స్వల్ప అల్జీమర్స్ ఉన్నవారికి ఎరినాసీన్-ఏ ఎక్కువగా ఉండేలా పెంచిన మైసీలియం (పుట్టగొడుగు పుట్టడానికి ముందుండే దారాల వల) మాత్రలు 49 వారాలు ఇచ్చి చూశారు. 2020లో వెలువడిన ఆ ఫలితాల్లో ఇంటి పనులు, డబ్బు లెక్కలు, ఫోను వాడకం వంటి రోజువారీ పనులు సొంతంగా చేసుకోగలగడంలో రెండు జట్ల మధ్య తేడా కనిపించింది. కొందరు కడుపులో ఇబ్బందితో, వికారంతో, దద్దుర్లతో మధ్యలోనే మానేశారు. దాని వెనక కూడా ఆ సరుకు తయారుచేసే కంపెనీయే ఉంది.

ఇక కుర్రకారు సంగతి. 2023లో బ్రిటన్‌లోని నార్తంబ్రియా విశ్వవిద్యాలయం 18 నుంచి 45 ఏళ్ల వయసున్న 41 మందికి 1.8 గ్రాములు ఇచ్చి పరీక్షించింది. "ఎరుపు" అన్న మాటను నీలం అక్షరాలతో చూపి, మాటను కాకుండా రంగును చెప్పమనే పరీక్షలో ఒక మోతాదు వేసుకున్న గంటకు వారు కొంచెం వేగంగా జవాబిచ్చారు. 28 రోజుల తరువాత ఒత్తిడి తగ్గిన సూచన కనిపించింది, అది కాకతాళీయం కాదని చెప్పడానికి కావలసిన గణాంకాల గీత దాటలేదు. మిగతా చాలా పరీక్షల్లో తేడా లేదు, ఒకటీ అరా చోట్ల ఫలితం ఉత్తుత్తి మాత్రల కన్నా వెనకబడింది కూడా. డజన్ల కొద్దీ కొలతలు తీస్తే ఏదో ఒకటి యాదృచ్ఛికంగా మెరవడం సహజం. అంతకుముందు 2022లో అమెరికాలో 24 మంది కాలేజీ విద్యార్థులు రోజుకు 10 గ్రాముల చొప్పున నాలుగు వారాలు తిన్నారు. మెదడు పనితీరులో మార్పేమీ లేదు. 2025లో వచ్చిన మరో పరీక్షలో 18 మంది యువతకు ఒకే మోతాదుగా గాఢమైన సారం ఇచ్చారు. మొత్తం మీద జ్ఞాపకంలో గానీ మనసు స్థితిలో గానీ చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు.

కాఫీలో కలిపిన లయన్స్ మేన్ తాగి "అరగంటలో మెదడు తేలికపడింది" అనేవారి మాట అబద్ధం కాకపోవచ్చు. ఆ తేలికదనం కాఫీది. మష్రూమ్ కాఫీల్లో చాలావాటిలో కెఫీన్ ఉంటుంది, పుట్టగొడుగు పొడి మాత్రం తరచుగా కొన్ని వందల మిల్లీగ్రాములే. జపాన్‌లో ఫలితం చూపిన మోతాదులో అది ఏ మూలకు?

సీసాలో ఉన్నది ఏ భాగం?

ఈ వ్యవహారంలో కొనుగోలుదారుడు నిజంగా దెబ్బతినేది ఇక్కడ. చెట్టుకు వేరు, కాయ ఉన్నట్టే పుట్టగొడుగుకూ రెండు రూపాలున్నాయి. బయటికి కనిపించేది, కోసి వండుకునేది కాయ లాంటిది. దానికి ముందు మానులోనో పొట్టులోనో దారాలు దారాలుగా అల్లుకునే తెల్లటి బూజు వల ఉంటుంది, అదే మైసీలియం. కవాగిషి హెరిసెనోన్లను తీసింది పైకి కనిపించే పుట్టగొడుగు నుంచి. ఎరినాసీన్లను తీసింది మైసీలియం నుంచి. 2009 జపాన్ పరీక్షలో ఇచ్చింది పుట్టగొడుగు పొడి. 2020 తైవాన్ పరీక్షలో ఇచ్చింది ప్రత్యేకంగా పెంచిన మైసీలియం. రెండూ ఒకే జీవివే అయినా ఒకే సరుకు కాదు, మామిడి పండునూ మామిడి ఆకునూ ఒకే పేరుతో అమ్మినట్టు.

అందుకని ఒక సీసా మీద ఉన్న "శాస్త్రీయంగా నిరూపితం" అన్న మాట ఏ పరీక్షను చూసుకుని రాశారో, లోపల ఉన్నది ఆ పరీక్షలో వాడిన భాగమేనా అన్నది మొదటి ప్రశ్న. అమెరికాలో తయారయ్యే కొన్ని సరుకుల్లో మైసీలియాన్ని బియ్యం, ఓట్స్ వంటి ధాన్యం మీద పెంచి, ధాన్యంతో సహా ఎండబెట్టి పొడి చేస్తారు. వల ధాన్యాన్ని పూర్తిగా తినేయదు. సీసాలో చివరికి మిగిలేదాంట్లో గణనీయమైన వంతు బియ్యప్పిండే. గంజిలో అయోడిన్ చుక్క వేస్తే ముదురు నీలం రంగు వస్తుందని బడిలో చూసినవారే అందరూ. కొందరు ఆ ప్రయోగాన్నే ఈ పొడుల మీద చేసి చూస్తారు. పుట్టగొడుగులో ధాన్యంలో ఉన్నట్టు స్టార్చ్ ఉండదు కాబట్టి, నల్లబడ్డ నీలం తేలితే లోపల ధాన్యం దండిగా ఉన్నట్టే.

లేబుల్ మీది మరో మాయ "పాలిసాకరైడ్లు 30 శాతం" అన్నది. పాలిసాకరైడ్లంటే చక్కెర అణువుల పొడవాటి గొలుసులు. బియ్యప్పిండిలోని స్టార్చ్ కూడా పాలిసాకరైడే. పుట్టగొడుగు ఎంత ఉందో సూచించేది దాని కణాల గోడల్లో ఉండే బీటా గ్లూకాన్లు అనే పాలిసాకరైడ్ల శాతం, దాన్ని విడిగా చెప్పే కంపెనీని కాస్త నమ్మవచ్చు. ఇక్కడా ఒక మెలిక ఉంది. బీటా గ్లూకాన్లు ఎక్కువగా చర్చకు వచ్చేది రోగనిరోధక శక్తి విషయంలో. మెదడు కోసం చెప్పుకునే హెరిసెనోన్లు, ఎరినాసీన్లు వేరే పదార్థాలు, వాటి పరిమాణం చెప్పే సీసాలు అరుదు. అలాగే "10:1 సారం" అన్న మాట. పది కిలోల నుంచి ఒక కిలో తీశామని దాని భావం. తాజా పుట్టగొడుగులో పదింట తొమ్మిది వంతులు నీళ్లే. తాజా సరుకును ఎండబెట్టినా పదికి ఒకటే వస్తుంది. తాజాదా ఎండుదా అని చెప్పని 10:1కి అర్థం లేదు.

ఈ అనుమానాలు ఊరికే పుట్టినవి కావు. 2017లో పరిశోధకులు అమెరికాలో అమ్ముతున్న రీషీ అనే మరో రకం పుట్టగొడుగు సప్లిమెంట్లు 19 తెచ్చి పరీక్షిస్తే, లేబుల్‌తో సరిపోయినవి ఐదే. అక్కడి 1994 నాటి చట్టం ప్రకారం సప్లిమెంట్లకు అమ్మకానికి ముందు ప్రభుత్వ ఆమోదం అక్కర్లేదు. జబ్బు నయం చేస్తుందని అనకూడదు, "జ్ఞాపకశక్తికి తోడ్పడుతుంది" అనవచ్చు. ఈ రెండు వాక్యాల మధ్య సందులోనే ఆ వ్యాపారమంతా నడుస్తుంది. మన దేశంలో ఇలాంటివి ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2016లో తెచ్చిన న్యూట్రాస్యూటికల్ (ఆరోగ్యానికని అమ్మే ఆహార సరుకుల) నిబంధనల పరిధిలోకి వస్తాయి. సీసా మీద 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉండాలి, మందుగా వాడటానికి కాదన్న హెచ్చరిక ఉండాలి. ముందువైపు పెద్ద అక్షరాల్లో మెదడు బొమ్మ, వెనకవైపు చిన్న అక్షరాల్లో ఆ హెచ్చరిక.

పుట్టగొడుగు అన్న పేరు మాటున పూర్తిగా వేరే సరుకులూ వస్తున్నాయి. 2024లో అమెరికాలో ఒక కంపెనీ పుట్టగొడుగు చాక్లెట్లు, గమ్మీలు తిని 30కి పైగా రాష్ట్రాల్లో జనం జబ్బుపడ్డారు, చాలామంది ఆసుపత్రి పాలయ్యారు. వాటిలో దొరికినవాటిలో మస్సిమోల్ అనే మత్తు పదార్థం ఒకటి. దానికీ లయన్స్ మేన్‌కూ సంబంధం లేదు. కానీ "మష్రూమ్ బ్లెండ్" అని మాత్రమే రాసి, ఏ జాతి ఎంత అన్నది చెప్పని పొట్లాన్ని ముట్టుకోకూడదనడానికి ఆ ఒక్క ఉదంతం చాలు.

ఎవరికి పడదు

లయన్స్ మేన్ మాత్రం మొత్తం మీద సాత్వికమైనదే. పరీక్షల్లో ఎక్కువగా కనిపించినవి కడుపు ఉబ్బరం, వికారం, కొందరిలో చర్మం మీద దద్దురు. అలర్జీలు ఉన్నవారు, ఉబ్బసం ఉన్నవారు జాగ్రత్తపడాలి. జపాన్‌లో నాలుగు నెలలు దీని సారం వాడిన 63 ఏళ్ల మనిషికి ఊపిరితిత్తులు దెబ్బతిని శ్వాస ఆడని స్థితి వచ్చిందని 2003లో ఒక కేసు నమోదైంది. అది అరుదు, కానీ పుట్టగొడుగు పడని ఒళ్లు ఉంటుందని చెప్పడానికి పనికొస్తుంది. ఇందులోని ఒక పదార్థం రక్తకణాలు గడ్డకట్టడాన్ని అడ్డుకుంటున్నట్టు ప్రయోగశాలలో కనిపించింది. రక్తం పలచబడే మందులు వాడేవారు, ఆపరేషన్ తేదీ దగ్గరపడినవారు డాక్టరుకు చెప్పకుండా దీన్ని మొదలుపెట్టకూడదు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, పిల్లలకు ఇవ్వడానికి తగిన పరీక్షలే జరగలేదు, కనుక పరీక్షల సీజన్‌లో పిల్లలకు లేహ్యం బదులు ఇది పెట్టాలన్న ఆలోచన మానుకోవడం మేలు.

ఇంట్లో పెద్దవారికి మతిమరుపు మొదలైందని సీసా తెప్పించే ముందు ఒక రక్తపరీక్ష జరగాలి. బీ12 లోపం మతిమరుపుగా బయటపడుతుంది. శాకాహారుల్లో అది సాధారణం, షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో ఇంకా ఎక్కువ. థైరాయిడ్ మందగించినా, దిగులు పట్టుకున్నా, నిద్రమాత్రలు వాడుతున్నా, చెవి వినిపించకపోయినా మనిషి మతిమరుపువాడిలాగే కనిపిస్తాడు. వీటిలో చాలావాటికి ఖాయమైన చికిత్స ఉంది, ఖర్చూ తక్కువే. డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతాన్ని వినికిడి లోపం, అధిక రక్తపోటు, షుగరు, చదువు లేకపోవడం, ఒంటరితనం వంటి 14 కారణాలతో ముడిపెట్టవచ్చని లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో లెక్కగట్టింది. తండ్రికి వినికిడి యంత్రం కొనివ్వడానికి మొహమాటపడే కొడుకు ఏడాదికి సరిపడా లయన్స్ మేన్ తెచ్చివ్వడం కొంచెం విచిత్రంగానే ఉంటుంది.

కూరగా చూస్తే

సింగపూర్‌లో 60 దాటిన 663 మందిని పరిశీలించిన అధ్యయనం 2019లో వెలువడింది. వారానికి రెండు గిన్నెలకు మించి, అంటే సుమారు 300 గ్రాములకు పైగా వండిన పుట్టగొడుగులు తినేవారిలో స్వల్ప జ్ఞాపక క్షీణత ఉండే అవకాశం వారానికి ఒకసారి కూడా తిననివారితో పోలిస్తే దాదాపు సగం. అవి లయన్స్ మేన్ కాదు. బటన్, షిటాకే, ముత్యపు చిప్ప (ఆయిస్టర్) పుట్టగొడుగులు, డబ్బాల్లో వచ్చేవి, ఎండబెట్టినవి. తినడం వల్లే మేలు జరిగిందా, ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవారే అవి తింటున్నారా అన్నది ఇలాంటి అధ్యయనం తేల్చలేదు. పరిశోధకులు అనుమానించిన కారణం ఎర్గోథయోనీన్ అనే పదార్థం. మన ఒంట్లో తయారుకాదు, తిండి ద్వారానే రావాలి, దాన్ని లోపలికి మోసుకుపోవడానికి మన కణాల్లో ప్రత్యేకమైన ద్వారమే ఉంది. బటన్ కంటే ముత్యపు చిప్పల్లో అది ఎక్కువ.

ఆ ముత్యపు చిప్ప పుట్టగొడుగు వరిగడ్డి మీద పెరుగుతుంది, మన ఊళ్లలో మహిళా సంఘాలు కూడా పెంచి అమ్ముతున్నాయి. మెదడుకు మేలుచేస్తుందని దాని మీద ఎవరూ అచ్చువేయలేదు. వారానికి రెండుసార్లు ఇగురు వండుకోవడానికి ఆధారం ఎంత బలంగా ఉందో, సీసాకూ ఇంచుమించు అంతే ఉంది. ఆధారం సమానంగా పలచనైనప్పుడు రుచి ఉన్నవైపు మొగ్గడం తప్పుకాదు.

అయినా సీసానే వాడి చూడాలనుకుంటే, పరీక్షల్లో ఫలితం చూపిన తీరుకు దగ్గరగా వాడాలి. 50 దాటి, డాక్టరు చూసి స్వల్ప జ్ఞాపక క్షీణత అని చెప్పినవారికి వాడి చూడటంలో కొంత అర్థముంది. పుట్టగొడుగు పొడి అయితే రోజుకు 3 గ్రాముల దరిదాపుల్లో, రెండు మూడు పూటలుగా. 500 మిల్లీగ్రాముల మాత్రలైతే రోజుకు ఆరు, అంటే 60 మాత్రల సీసా పది రోజులే. లేబుల్ మీద ఏ భాగమో, బీటా గ్లూకాన్ ఎంతో, సీసం, ఆర్సెనిక్ వంటి లోహాల పరీక్ష జరిగిందో లేదో చూడాలి, ఎందుకంటే పుట్టగొడుగులు తాము పెరిగినచోటి లోహాలను పీల్చుకుంటాయి. వారం రోజుల్లో తేడా తెలియదు. జపాన్ పరీక్షలో తేడా కనిపించింది ఎనిమిదో వారానికి.

మొదలుపెట్టే ముందే ఇంట్లో మరొకరు ఒక పుస్తకంలో రాసిపెట్టుకోవాలి. మందులు మరిచిన రోజులు, చెప్పిందే మళ్లీ చెప్పిన సందర్భాలు, పాల లెక్క తప్పిన వారాలు. తీసుకునే మనిషి అభిప్రాయం మీద ఆధారపడకూడదు, డబ్బు పోసి కొన్నది పనిచేస్తున్నట్టే అనిపిస్తుంది. పదహారు వారాలు అయ్యాక 2009 జపాన్ పరీక్షలో చేసినట్టు ఒక నెల పూర్తిగా ఆపేసి, అదే పుస్తకంలో అవే లెక్కలు రాయాలి. ఆపిన నెలకూ వాడిన నెలలకూ తేడా లేకపోతే రెండో సీసా తెప్పించనక్కర్లేదు.